పుత్రపౌత్ర పారంపర్యంగా: నెలల పాప ఉన్న ఇంట్లో ఒక ఇంటి అమ్మకం

ఆ అబ్బాయి మొదటిసారి నా ఆఫీసుకు వచ్చింది 2025 జులై 9న. అప్పటికి పాప పుట్టి ఐదు రోజులు. చేతిలో జర్మనీ కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ ఉంది, సెప్టెంబర్ 1న ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేరాలి. "మేడమ్, ఆగస్టు 25కి నాకు టికెట్. ఈలోపు బ్రాడీపేట ఇల్లు అమ్మేయాలి. మిగతా సంతకాలకు మా మేనమామకి పవర్ ఇచ్చి వెళ్తాను" అన్నాడు. మూడు వాక్యాల్లో మూడు ఇబ్బందులున్నాయి. అవి అతనికి తెలియవు, తెలియాల్సిన అవసరం కూడా అంతవరకు రాలేదు.

గుంటూరులో ఆస్తి దస్తావేజుల పనే ప్రధానంగా చేస్తున్న లాయర్‌ని. విదేశాలకు వెళ్లేవాళ్ల అమ్మకాలు మాకు కొత్త కాదు. ఈ కేసు మాత్రం వివరంగా రాయాలనిపించింది. ఆ కుటుంబం అనుమతి ఇచ్చింది. పేర్లు, ఇంటి నంబరు, కొన్న వాళ్ల వివరాలు రాయడం లేదు.

ఇల్లు 242 గజాల్లో ఉంది, మన లెక్కలో ఐదు సెంట్లు. తాతగారు పెంకుటిల్లుగా కట్టుకున్నది, తండ్రిగారు తర్వాత డాబా చేశారు. తండ్రి 2021లో పోయారు, వీలునామా లేదు. ఉన్నది అతని తల్లి అయిన పెద్దావిడ, విశాఖలో కాపురం ఉంటున్న అక్క, ఈ అబ్బాయి. ఇల్లు తనదే అన్న నమ్మకంతో అతను మాట్లాడుతున్నాడు. దురాశ ఏమీ కాదు. "అక్కకి పెళ్లప్పుడే అన్నీ ఇచ్చేశారు, అమ్మ నాతోనే ఉంటుంది కదా" అన్న మాట మన ఇళ్లలో ఎంత మామూలో అతని నోట్లోనూ అంతే మామూలుగా వచ్చింది.

"అమ్మ జర్మనీ వస్తారా?" అని అడిగాను.

"ఇప్పుడే రాలేదు. కొన్నాళ్లు అక్క దగ్గర..."

"అక్కని అడిగావా?"

జవాబు లేదు. కాగితాలు చూడటానికి ముందే ఆ రోజు ఒక విషయం నిర్ణయించుకున్నాను. ఈ ఫైల్లో నా ఫీజు ఇచ్చేది అబ్బాయే అయినా, నేను ఎక్కువగా కాపు కాయాల్సింది ఆ గదిలో లేని వాళ్లకి. ఊరు వదిలి వెళ్లేవాడి తొందరలో ఇల్లు అమ్మినప్పుడు, ఎదురు మాట్లాడలేని వాళ్ల హక్కే ముందు జారిపోతుంది. ఇక్కడ అలాంటివాళ్లు ఇద్దరు, అరవై ఎనిమిదేళ్ల పెద్దావిడ, ఐదు రోజుల పాప.

వాటాల సంగతి మొదట చెప్పాను. తండ్రి సొంత ఆస్తి, వీలునామా లేకుండా పోయారు అంటే 1956 హిందూ వారసత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం భార్యకి, కొడుక్కి, కూతురికి సమాన వాటాలు. మూడింట ఒకటి చొప్పున. ఆడపిల్లలకు హక్కు 1985 నుంచి అమలైన మన రాష్ట్ర సవరణతోనో, 2005 కేంద్ర సవరణతోనో వచ్చిందని చాలామంది అనుకుంటారు. అవి ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. తండ్రి సొంత ఆస్తిలో కూతురు 1956 నుంచే కొడుకుతో సమానం. పెళ్లికి పెట్టిన ఖర్చును ఆ వాటాలోంచి తీసేసే పద్ధతి చట్టంలో లేదు.

మర్నాడు అక్కకి నేనే ఫోన్ చేశాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సంతకం పెడతానండీ. వాణ్ణి ఒక్కసారి నన్ను అడగమనండి" అంది. అబ్బాయికి ఆ మాట అలాగే చెప్పాను. ఆ రాత్రే విశాఖ బండెక్కాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆ తర్వాత మూడు నెలల్లో అక్క వైపు నుంచి ఒక్క కాగితం ఆలస్యం కాలేదు. వాటా వదులుకుంటానని మొదట ఆవిడే అంది. నేను వద్దన్నాను. వదులుకోవాలంటే హక్కు విడుదల దస్తావేజు విడిగా, తీరిగ్గా, అందరూ నిద్ర పోయి లేచాక రాసుకోవాలి. అమ్మకం హడావుడిలో ఇంకో కాగితం కింద సంతకం చేయించి తీసుకోకూడదు. ఆలోచించుకుని, వాటా తీసుకుంటానని చెప్పింది.

టికెట్ తేదీ

రెండో సంగతి రోజుల లెక్క. అప్పుడు అమల్లో ఉన్న ఆదాయపు పన్ను చట్టంలో, ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే మన పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంట్, లేకపోతే నాన్ రెసిడెంట్. ఏప్రిల్ 1 నుంచి లెక్కపెడితే 182వ రోజు సెప్టెంబర్ 29. ఆగస్టు 25న ఎక్కితే 147 రోజులే అవుతాయి. వెళ్లకముందే అమ్మేశాను కదా అంటే కుదరదు, ఈ హోదా ఏడాది మొత్తానికి ఒకటే. ఆగస్టు 10న అమ్మి 25న వెళ్లినా, అమ్మిన రోజుకి కూడా అతను నాన్ రెసిడెంట్ కిందే లెక్క.

దీనివల్ల కొనేవాళ్ల మీద పడే బరువు వేరు. అమ్మేవాడు రెసిడెంట్ అయితే, ధర 50 లక్షలు లేదా ఆ పైన ఉన్నప్పుడు 1 శాతం టీడీఎస్, అంటే ఇచ్చే ధరలోంచి ముందుగానే పన్ను, కోసి, పాన్ నంబరు మీదే ఫారం 26క్యూబీలో కట్టేస్తే సరిపోయేది. నాన్ రెసిడెంట్ అయితే అదే చట్టం 195వ సెక్షన్ వర్తించేది. కొనేవాళ్లు టాన్ నంబరు, అంటే పన్ను కోసి కట్టేవాళ్లకిచ్చే నంబరు, తీసుకోవాల్సి వచ్చేది, రిటర్న్ వేయాల్సి వచ్చేది. దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం, ఆపైన సర్‌చార్జి, సెస్. లాభం ఎంతో తేల్చి తక్కువ కోతకి అనుమతించే సర్టిఫికెట్ ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందుగా తెచ్చుకోకపోతే, భయపడి మొత్తం ధర మీదే కోసేస్తారు. ఈ అబ్బాయి వాటా చివరికి 54 లక్షలయింది. ఒక శాతం అంటే 54 వేలు. రెండో పద్ధతిలో 10 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్ కలిపి 14.3 శాతం, అంటే 7 లక్షల 72 వేలు. ఎక్కువ కట్టినది రిటర్న్‌లో వెనక్కి వస్తుందనేది నిజమే. ఇల్లు వెతుక్కుంటూ, నెలల పిల్లతో కొత్త దేశంలో అడుగు పెట్టేవాడికి ఆ డబ్బు అప్పుడు చేతిలో ఉండటం వేరు, ఏడాది తర్వాత రావడం వేరు.

"కంపెనీని ఒక నెలా పదిహేను రోజులు అడుగు. బిడ్డ పుట్టిందని చెప్పు" అన్నాను. అడగడానికి మొహమాటపడ్డాడు. అడిగాక రెండు రోజుల్లో అక్టోబర్ 13కి జరిపారు. టికెట్ అక్టోబర్ 4కి మార్చుకున్నాడు. ఈ కేసులో అందరికంటే ఎక్కువ మేలు చేసినది ఆ ఒక్క ఈమెయిల్.

నేను మరిచిపోకుండా చెప్పే మాట ఒకటుంది. విదేశీ మారకం చట్టానికి ఈ 182 రోజుల లెక్క వర్తించదు. ఉద్యోగానికి బయలుదేరి వెళ్లినప్పటి నుంచే ఆ చట్టం లెక్కలో మనం నాన్ రెసిడెంట్. అందుకని సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా, అంటే నాన్ రెసిడెంట్ల ఖాతాగా, మార్చుకోవాలి. ఇల్లు అమ్మిన డబ్బు అందులోంచి బయటికి పంపుకోవచ్చు, ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల దాకా. దానికి అప్పట్లో 15సీఏ ఫారం, ఆడిటర్ గారిచ్చే 15సీబీ సర్టిఫికెట్ కావాల్సి వచ్చేవి. పాత ఖాతాను అలాగే వాడుకుంటూ పోయి తర్వాత చిక్కుల్లో పడినవాళ్లను చూశాను.

ఇక మేనమామకి పవర్. సంతకం పెట్టాల్సిన మనిషి ఇక్కడే ఉండగా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మితే, లోను ఇచ్చే బ్యాంకు వంద ప్రశ్నలు అడుగుతుంది. తప్పనిసరి అయినప్పుడు ఆ ఒక్క ఆస్తికి, ఆ ఒక్క పనికి పరిమితమైన స్పెషల్ పవర్ రాసుకోవాలి. విదేశంలో రాస్తే అక్కడి మన కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ప్రయాణం వాయిదా పడింది కాబట్టి మాకు ఆ అవసరమే రాలేదు.

మూసిన గది

అబ్బాయి భార్య, ఆ అమ్మాయి, పురుడు ఆ ఇంట్లోనే పోసుకుంది. పుట్టినిల్లు పల్లెటూర్లో, పాపకి మొదటి వారంలో కామెర్లు వచ్చి డాక్టరు దగ్గరికి తిరగాల్సి రావడంతో తల్లే గుంటూరు వచ్చి కూతురి దగ్గర ఉంది. బ్రోకర్లకి అవేమీ పట్టలేదు. పురుడు మైల ఉండగానే ఒకాయన నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, బాలింత ఉన్న గది తలుపు తట్టాడట. పెద్దావిడ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "ఇల్లు మాదేనా ఇంకా, అమ్మిందాకా అయినా?" అంది.

ఆ సాయంత్రం వెళ్లి ఒక పద్ధతి పెట్టాం. ఆషాఢం వెళ్లేదాకా ఎవరూ రాకూడదు. ఎలాగూ ఆషాఢంలో కొనేవాళ్లూ అగ్రిమెంటు రాసుకోరు. జులై 25న శ్రావణం వస్తుంది. ఆ తర్వాత శనివారం సాయంత్రం ఒక గంట, ముందు ఫోన్ చేసి వచ్చిన వాళ్లకే. ఆ గదిని అబ్బాయి ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటాడు, అదే చూపిస్తాడు. కొలతలు కావాలన్న వాళ్లకి ప్లాన్ కాపీ. ఈ షరతు వల్ల ఒక బేరం పోయిందని బ్రోకర్ అన్నాడు. తలుపు తట్టి బాలింతను లేపే మనిషితో రేపు స్వాధీనం దగ్గర ఇంకెంత గొడవ వచ్చేదో.

కొన్నవాళ్లు భార్యాభర్తలు, ఇద్దరూ టీచర్లు. వాళ్లు వచ్చినప్పుడు చెప్పులు బయట విడిచి, గొంతు తగ్గించి మాట్లాడారని పెద్దావిడ చెప్పింది. ధర కోటీ 68 లక్షల దగ్గర మొదలైంది. మధ్యవర్తి నా దగ్గరికి వచ్చి, 40 లక్షలు చేతికిస్తాం, మిగతాది చూపిద్దాం అన్నాడు. ఊళ్లో జరిగే తీరు నాకు తెలుసు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకుంటే అప్పటి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం 269ఎస్‌ఎస్ ఉల్లంఘన, తీసుకున్నంత మొత్తం జరిమానాగా కట్టాల్సి రావచ్చు. అదలా ఉంచితే, దేశం వదిలిపోయేవాడు ఆ నగదు ఏం చేసుకుంటాడు? బ్యాంకులో వేయలేడు, పంపలేడు, ఎవరింట్లోనో దాచి వెళ్లాలి. మొత్తం కాగితం మీదే రాయాలన్నాం. అందుకు బదులుగా ధర కోటీ 62 లక్షలకి దిగింది. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం కొనేవాళ్లదే కదా, పూర్తి ధర మీద అది 12 లక్షల 15 వేలవుతుంది. వాళ్ల వైపు న్యాయం ఉంది.

ఆగస్టు 1, శ్రావణ శుక్రవారం, అగ్రిమెంటు రాసుకున్నాం. అడ్వాన్సు ముగ్గురి ఖాతాల్లోకి మూడు సమాన భాగాలుగా వచ్చింది.

నాలుగు మాటలు

ఆగస్టు 19న కొనేవాళ్లకు లోను ఇచ్చే బ్యాంకు తరఫున కాగితాలు పరిశీలించే ప్యానెల్ లాయరు అభ్యంతరం పంపారు. అసలు కేసు ఇక్కడే.

తాతగారు 1986లో తన కొడుక్కి, అంటే ఈ అబ్బాయి తండ్రికి, ఇల్లు దఖలు పరుస్తూ రిజిస్టరు దస్తావేజు రాశారు. అందులో మామూలుగా లేఖరులు రాసే వాక్యమే ఉంది: "ఇది మొదలు నీవు పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించగలవు." దాని పైన, "నాకు సంక్రమించి నా స్వాధీనానుభవంలో ఉన్న" అని ఉంది. ప్యానెల్ లాయరు గారి ప్రశ్న ఇది. సంక్రమించింది అంటే పిత్రార్జితమా? పుత్రపౌత్ర అన్నారు కాబట్టి కొడుకులకి, మనవలకి హక్కు ఇచ్చినట్టా? పిత్రార్జిత ఉమ్మడి ఆస్తి అయితే పుట్టిన క్షణం నుంచే బిడ్డకి హక్కు ఉంటుంది, 2005 తర్వాత ఆడబిడ్డకైనా. జులైలో ఈ ఇంట్లో ఒక పాప పుట్టింది. కాబట్టి మైనరు వాటా అమ్మడానికి జిల్లా కోర్టు అనుమతి తెండి.

ఆయన్ని నేను తప్పు పట్టను. ఆయన పని అనుమానించడమే. పాప ఊయలలో ఉందని తెలిసి కూడా అడగకపోతే అది ఆయన తప్పయ్యేది. కానీ కోర్టు అనుమతి అంటే నెలల మాట, అక్టోబర్ 4 టికెట్ అంటే 46 రోజుల మాట. ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఆ రాత్రి అమ్మాయి నాతో మాట్లాడింది. పాప వల్లే అమ్మకం ఆగిపోయిందని ఎవరో చుట్టాలు అన్నారట. "నా బిడ్డ చేసిన తప్పేంటి మేడమ్?" అంది. ఏ తప్పూ లేదని, ప్రశ్న 1986 నాటి కాగితం మీద అని చెప్పాను. ఆ చుట్టాలకు కూడా అదే చెప్పమన్నాను.

మధ్యవర్తి తేలిక దారి ఒకటి తెచ్చాడు. "పాప పేరు కూడా అమ్మేవాళ్లలో రాసేద్దాం, తండ్రి గార్డియన్‌గా సంతకం పెడతాడు, అందరికీ సేఫ్." వినడానికి బాగుంటుంది. దానంత ప్రమాదం ఇంకోటి లేదు. పాప పేరు హక్కుదారుగా రాశామంటే ఆమెకు వాటా ఉందని మనమే ఒప్పుకున్నట్టు. మైనరుకి సొంతమైన స్థిరాస్తిని, కోర్టు అనుమతి లేకుండా సహజ సంరక్షకుడు అమ్మితే, 1956 మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. మేజరయ్యాక మూడేళ్లు గడువు. 2025లో పుట్టిన పాపకి ఆ గడువు 2046లో తీరుతుంది. అప్పటిదాకా ఆ టీచర్లు బెంగతో ఉండాలి. లేని హక్కును రాయకూడదు, ఉన్న హక్కును మింగకూడదు. ముందు ఉందో లేదో తేలాలి.

తేల్చాల్సింది ఒక్కటే, తాతగారికి ఆ స్థలం ఎలా వచ్చింది? సొంత డబ్బుతో కొన్నది అయితే, తండ్రి తన స్వార్జితాన్ని కొడుక్కి ఇచ్చినంత మాత్రాన అది కొడుకు చేతిలో పిత్రార్జితం అయిపోదు. ఇచ్చినాయన ఉద్దేశం ఏమిటో దస్తావేజులోంచి చూడాలని 1953లోనే అరుణాచల ముదలియార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పుత్రపౌత్ర అన్న మాట విషయానికొస్తే, అది మనవలకి వాటా పంచే మాట కాదు. పూర్తి హక్కు, వారసులకు దిగే హక్కు ఇస్తున్నాను అని చెప్పడానికి పాతకాలం నుంచి వాడుతున్న మాట అని కోర్టులు బ్రిటిష్ వారి హయాం నుంచీ చెబుతున్నాయి. పక్కనే "దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో" అనీ ఉంది. మనవలకి వాటా ఉంచాలనుకున్నవాడు అమ్ముకునే హక్కు ఎలా ఇస్తాడు? వాదన గట్టిదే. కొనుగోలు కాగితం కనబడితే అసలు వాదనే అక్కర్లేదు.

ఆ కాగితం ఇంట్లో లేదు. 1986 దస్తావేజులో పాత నంబరు ఉన్న చోట మడత పడి సిరా పోయింది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి రిజిస్ట్రారు ఆఫీసులో పాత ఇండెక్సు పుస్తకాలు వెతకాలి, ఏ సంవత్సరమో తెలిస్తే తప్ప అది గడ్డివాములో సూది. అబ్బాయికి తెలియదు, అక్కకి తెలియదు. పెద్దావిడను అడగాలని అప్పటిదాకా నాతో సహా ఎవరికీ తోచలేదు.

పాపకి నూనె రాస్తూ ఉంది. "పిన్నిగారూ, మామగారు ఈ స్థలం ఎప్పుడు కొన్నారో మీకేమైనా తెలుసా?" అన్నాను.

"నేను కాపురానికి వచ్చేప్పటికే ఉందమ్మా. కానీ మా అత్తగారు అంటూ ఉండేది, పెద్దది కడుపులో ఉండగా కొన్నాం, అది పుట్టిన నెలకి పునాది తీశాం అని."

పెద్దది అంటే ఆవిడ పెద్దాడపడుచు. నరసరావుపేటలో ఉంటారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ 1961 నవంబర్. దాన్ని పట్టుకుని తాతగారి పేరు మీద 1961 పేర్ల ఇండెక్సు తిరగేయించాం. ఆగస్టులో రిజిస్టరయిన కొనుగోలు దొరికింది. సెప్టెంబర్ 2న నకలు చేతికొచ్చింది. పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేస్తున్న ఆయన, "నా స్వార్జితము వల్ల" అని స్పష్టంగా రాయించుకున్నారు. హద్దులు సరిపోయాయి, తూర్పున ఉన్న మునిసిపల్ బావి తప్ప. అది ఇప్పుడు రోడ్డు.

నకలు, 1986 దస్తావేజు, తండ్రి మరణ ధ్రువీకరణ, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పెట్టి, ఆరు పేజీల జవాబు రాశాను. ఆ ఆస్తి తాతగారి స్వార్జితం, తండ్రికి దఖలు ద్వారా పూర్తి హక్కుతో వచ్చింది, తండ్రి నుంచి ముగ్గురు వారసులకు ఎనిమిదో సెక్షన్ కింద విడివిడిగా దిగింది. అలా దిగిన వాటా కొడుకు చేతిలో అతని సొంతమే, అతని పిల్లలతో ఉమ్మడి కాదని 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సెప్టెంబర్ 11న ప్యానెల్ లాయరు గారు అభ్యంతరం ఎత్తేశారు. ఫోన్ చేసి, "పాప ఎలా ఉంది?" అని కూడా అడిగారు.

ఈ విషయంలో నా పొరపాటు ఒప్పుకోవాలి. 1986 దస్తావేజు నా చేతికి జులైలోనే వచ్చింది. "సంక్రమించి" అన్న మాట చూసి కూడా, లింకు డాక్యుమెంటు, అంటే అంతకు ముందరి హక్కు కాగితం, తర్వాత చూద్దాంలే అనుకుని అగ్రిమెంటు రాయించాను. ఆ నిర్లక్ష్యం వల్ల ఒక బాలింత మూడు వారాలు నిద్ర లేకుండా ఉంది. ఇప్పుడు ఇంట్లో మైనర్లు ఉన్న ఏ ఫైలైనా మొదటి కొనుగోలు నకలు వచ్చాకే అడ్వాన్సు తీసుకోమంటున్నాను.

పెద్దావిడ ఇల్లు

బ్యాంకు జవాబు కోసం ఎదురుచూస్తున్న వారంలో ఆవిడతో తీరిగ్గా కూర్చున్నాను. మూడింట ఒకటి ఆవిడదని, అంటే 54 లక్షలని, అప్పటికి రెండుసార్లు చెప్పాను. అది తన డబ్బు అన్న సంగతి ఆవిడకి ఎక్కలేదు. "వాడికి అవసరం ఉంటుంది కదమ్మా" అంటుంది. కొడుకు ఎదురుగానే అడిగాను, "రిజిస్ట్రేషన్ మర్నాడు పొద్దున మీరు ఏ ఇంట్లో కాఫీ తాగుతారు?" ఎవరూ మాట్లాడలేదు. అబ్బాయి తలదించుకున్నాడు. పది నిమిషాల తర్వాత అతనే అన్నాడు, "అమ్మా, నీ డబ్బుతో నీ పేరు మీదే కొందాం. నా పేరు వద్దు."

పట్టాభిపురంలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ 46 లక్షలకి కుదిరింది. రిజిస్ట్రేషన్ ఖర్చు 3 లక్షల 45 వేలు కలిపితే 49 లక్షల 45 వేలు. ఇక్కడ ఆడిటర్ గారి లెక్క కూడా కలిసొచ్చింది. కొన్న ధర కింద 2001 ఏప్రిల్ 1 నాటి విలువను మొత్తం ఇంటికి 9 లక్షలుగా తీసుకున్నారు, తలా 3 లక్షలు. 54 లక్షల్లో అది పోగా ఆవిడ లాభం 51 లక్షలు. అప్పటి ఆదాయపు పన్ను చట్టం 54వ సెక్షన్ కింద ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొంటే, కొన్న మేరకు లాభానికి పన్ను ఉండదు. మిగిలింది లక్షా 55 వేలు, పన్ను పడే పరిమితికి లోపే కాబట్టి పన్ను పడలేదు.

అబ్బాయి 25 లక్షలు, అదే చట్టంలో లాభానికి పన్ను మినహాయింపు ఉన్న 54ఈసీ బాండ్లలో పెట్టాడు. అమ్మిన ఆరు నెలల్లోగా కొనాలి, ఐదేళ్లు కదపకూడదు, పరిమితి 50 లక్షలు. మిగతా 26 లక్షల లాభం మీద 12.5 శాతం, సెస్‌తో 3 లక్షల 38 వేలు కట్టాడు. కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కకట్టే పాత 20 శాతం ఇండెక్సేషన్ పద్ధతి మంచిదని ఎవరో చెప్పారట. 2024 జులై 23 ముందు కొన్న ఆస్తికి రెసిడెంట్లు ఆ రెండిట్లో తక్కువ పన్ను పడేది ఎంచుకోవచ్చు, నాన్ రెసిడెంట్లకి ఆ వెసులుబాటు లేదు. లెక్క వేస్తే ఇక్కడ కొత్త పద్ధతే తక్కువైంది.

ఇంకో చిక్కు స్వాధీనం. రిజిస్ట్రేషన్ రోజే తాళాలు కావాలని కొనేవాళ్ల బ్యాంకు అడిగింది. ఫ్లాట్‌కి రంగులు, గ్యాస్ మార్చుకోవడం, అమ్మాయి వీసా అయ్యేదాకా పాప ఎక్కడో ఉండాలి. టీచర్ దంపతులతో నేరుగా మాట్లాడాను. దస్తావేజులో స్వాధీనం ఇచ్చినట్టు రాసి, విడిగా 60 రోజుల అనుమతి పత్రం రాసుకున్నాం, అద్దె లేదు, 3 లక్షలు వాళ్ల దగ్గరే నిలిపి ఉంచడానికి ఒప్పుకున్నాం. కొన్న ఆవిడ అంది, "మా రెండోవాడు మూడు నెలలప్పుడు ఇల్లు మారామండీ. ఆ బాధ నాకు తెలుసు."

పాప పాస్‌పోర్టు సంగతి నా పని కాదు కానీ, ఇక్కడ ఆగిపోయేవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను. పుట్టిన 21వ రోజు ఆషాఢ అమావాస్య పడింది. బారసాల 27కి జరిపారు. అప్పటిదాకా జనన ధ్రువీకరణలో పేరు లేదు. పేరు ఎక్కించుకుని, తల్లిదండ్రులిద్దరి సంతకాలతో మైనరు పాస్‌పోర్టు దరఖాస్తు విజయవాడలో ఇచ్చారు. తండ్రి వెళ్లిపోయాక ఇస్తే అదనపు కాగితాలు కావాల్సి వచ్చేవి.

భాద్రపదం, మహాలయ పక్షం దాటాక, శరన్నవరాత్రుల్లో సెప్టెంబర్ 24న రిజిస్ట్రేషన్ జరిగింది. అమ్మేవాళ్లు ముగ్గురు, కొనేవాళ్లు ఇద్దరు కావడంతో 26క్యూబీ ఫారాలు ఆరు నింపాల్సి వచ్చింది. అమ్మాయి సంతకం కూడా కావాలని ఆఫీసు బయట లేఖరి పట్టుబట్టాడు. హక్కుదారు కాని మనిషిని, మూడు నెలల బాలింతను, ఆ వరండాలో నిలబెట్టాల్సిన అవసరం లేదన్నాను. ఒకవేళ హక్కుదారే కదల్లేని స్థితిలో ఉంటే, రిజిస్ట్రేషన్ చట్టం 38వ సెక్షన్ కింద దరఖాస్తు పెడితే అధికారే ఇంటికి వచ్చి సంతకం తీసుకుంటారు. ఈ సంగతి తెలియక పెద్దవాళ్లను కుర్చీల్లో మోసుకొస్తుంటారు.

అగ్రిమెంటులో ఒక వాక్యం పెద్దావిడ అడిగి రాయించుకున్నది: "నడిమింటి దూలానికి వేలాడుచున్న టేకు ఉయ్యాల బల్ల, నాలుగు ఇత్తడి గొలుసులు ఈ అమ్మకంలో చేరవు." రాయకపోతే ఇంటికి బిగించిన వస్తువు ఇంటితో పాటే పోతుంది. ఫ్లాట్ స్లాబుకి కొక్కెం వేయనివ్వలేదు, అందుకని ఇనుప స్టాండు చేయించారు. నవంబర్ 21న తాళాలు అప్పగించే ముందు గొలుసులు విప్పింది అక్క. పెద్దావిడ పాపని ఎత్తుకుని దూరంగా నిలబడింది. నిలిపి ఉంచిన 3 లక్షలు ఆ సాయంత్రమే వచ్చాయి. రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చిన 1961 నకలు కొనేవాళ్లకిచ్చి, దాని జిరాక్స్ ఒకటి ఆవిడ అడిగి తీసుకుని బీరువాలో చీరల కింద పెట్టుకుంది.

అమ్మాయి, పాప డిసెంబరులో వెళ్లారు.